ఏ బండ ముందు ఆరింది?

పోయినవేవో ముందు లెక్క చూసుకుంటే తప్ప నాకు ఏ సంగతీ మొదలుపెట్టడం చేతకాదు. ఒక గుట్ట పోయింది. దాని మీద నేను పేర్లు పెట్టుకున్న బండలు పదకొండు పోయాయి. వాన నీళ్ళు నిలిచే రాతి గుంటలు మూడు పోయాయి, వాటిలో ఒకటి ఎండాకాలం వచ్చేదాకా ఎండేది కాదు. సీతాఫలం చెట్లు నేనెప్పుడూ లెక్కపెట్టలేదు కాబట్టి వాటి సంగతి చెప్పను. నెమళ్ళు ఒకేసారి నాలుగుకు మించి కనబడలేదు, నాలుగే అనుకుందాం. నా పాదాలే నడిచి నడిచి వేసిన బాట ఒకటి. వాన పడితే ఇల్లు వదిలి ఒంటరిగా వెళ్ళగలనన్న ధైర్యం పోయింది, దానికి అంకె వెయ్యలేను. ఇక అన్న. అన్న ఉన్నాడు. బహదూర్‌పల్లిలో సొంత ఇంట్లో ఉన్నాడు, తరచు ఫోను చేస్తాడు. అతన్ని పోయినవాటిలో కలపాలా వద్దా అన్నది తేలకనే ఇన్నేళ్ళూ ఈ సంగతి రాయలేదు.

పోయిన వానాకాలం మా చిన్నమ్మాయి, అల్లుడు అలియాబాద్ దాటాక ఒక ప్లాటు చూడబోతూ నన్నూ వెంట తీసుకెళ్ళారు. గజాలు, కొలతలు నేను చూస్తేనే వాళ్ళకు ధైర్యం. బడికి వెళ్ళింది ఏడో తరగతి వరకే అయినా, గుండ్లపోచంపల్లిలో ఒక గోదాము లెక్కలు చాలా ఏళ్ళుగా నేనే చూస్తున్నాను. ప్లాటు చుట్టూ కడీలు పాతి ఉన్నాయి. మనిషెత్తున సమంగా కొట్టిన రాతి స్తంభాలను మా వైపు కడీలు అంటారు. ఒకప్పుడు ద్రాక్ష పందిళ్ళకు పాతేవాళ్ళు, తోటలు పోయాక ప్లాట్ల హద్దులకు పాతుతున్నారు. మేం మాట్లాడుతుండగానే వాన అందుకుంది. వాళ్ళిద్దరూ కారులోకి పరుగెత్తారు. నేను గొడుగు విప్పబోతూ ఆసరాకు పక్కనున్న కడీ మీద చెయ్యి వేశాను. అంతదాకా బూడిద రంగులో ఉన్న రాయి తడిసి నల్లబడింది. నల్లబడ్డ రాతిలోంచి వేలెడు వెడల్పున గులాబీ రంగు చార ఒకటి పైకి తేలింది. పక్క కడీలోనూ ఉంది. ఆ పక్కదానిలోనూ ఉంది. ఒక్కోదాన్ని తడుముతూ వరస చివరిదాకా నడిచాను.

"తడుస్తున్నవ్ గదనే అమ్మా! కడీలల్ల చూడనీకి ఏమున్నది?" అని మా అమ్మాయి కారు అద్దం దించి అరిచింది.

ఆ కడీల్లో ఏమున్నదో చెప్పాలంటే మా రేకుల ఇంటి నుంచి మొదలుపెట్టాలి. నాకు పదహారు పదిహేడేళ్ళప్పుడు శామీర్‌పేట చుట్టుపక్కలంతా ద్రాక్ష తోటలే. నాయిన ఒక ఆసామి తోటకు కాపలా ఉండి, పని కూడా చూసేవాడు. తోట మూలన రెండు గదుల్లో నాయిన, అమ్మ, అవ్వ, నాకంటే మూడేళ్ళు పెద్దవాడైన అన్న యాదగిరి, నేను ఉండేవాళ్ళం. మా ఇంటికి మైలుతుత్తం వాసన ఉండేది. ఆకులకు బూజు పట్టకుండా మైలుతుత్తం, సున్నం కలిపిన నీళ్ళు కొట్టేవాళ్ళు. నాయిన గోళ్ళు, అమ్మ కొంగు, ఆఖరికి అవ్వ చుట్టలు పెట్టుకునే డబ్బా మూత కూడా నీలం తిరిగి ఉండేవి. అన్నం ముద్ద నోటి దగ్గరికి వస్తే కూర కంటే ముందు ఆ వాసనే తగిలేది. అవ్వ తెల్లవారగానే గడప మీద కూర్చుని ఆకాశం చూసేది. మబ్బు చిక్కగా ఉంటే బయటి పిడకలు లోపలికి చేరేయించి, చుట్ట ముట్టించి, "ఇయ్యాల మందు లేదు, ఎవల పని వాల్లు జూస్కోండ్రి" అని చెప్పేది. వాన పడితే కొట్టిన మందు కడుక్కుపోతుంది, అందుకని ముసురు పట్టిన రోజు మా ఇంటికి సెలవు. నాయిన ముసుగు తన్ని పడుకునేవాడు. అమ్మ చిరుగులు కుట్టుకునేది. నేను గుట్టెక్కేదాన్ని.

మొదటిసారి అడిగినప్పుడు అవ్వ చుట్ట నోట్లోంచి తీసి నన్ను కిందికీ పైకీ చూసింది.

"ఒక్కదానివి గుట్టకు పోతవా? ఆడ నీకేం పని?"

"ఏం లేదవ్వా. ఊకెనే."

"ఊకెనే పోనీకి అది అంగడా? ఆడివిల్ల వానల గుట్టలెంబడి తిరుగుడేంది?"

అన్న మంచం మీంచి లేవకుండానే అన్నాడు: "పోనియ్యవ్వా. ఆడ ఎవడన్న పిల్లగాడు దొరుకుతడని భయమా నీకు? దొరికితె దొరకనియ్. నాయినకు సంబంధాలు దేవులాడే బాధ తప్పుతది."

"నీ నోట్ల మన్నువొయ్య" అని అవ్వ పిడక ముక్క విసిరింది. అది అన్నకు తగలకుండా నాయిన ముసుగు మీద పడింది. నాయిన ముసుగులోంచే, "యాద్గిరి పోనియ్యమంటుండు గదా, పోనియ్" అన్నాడు. ఇంట్లో అన్న మాటకు ఉన్న విలువ నాకు తెలుసు. ఆ విలువను అతను నా కోసం ఖర్చుపెట్టాడు. అంతకుముందు నా కోసం ఎవరూ ఆ పని చెయ్యలేదు.

ముసురులో బయల్దేరడానికి ఒక పద్ధతి ఉండేది. గొంగడి ఒక మూల లోపలికి మడిచి కొప్పెర చేసి నెత్తిన వేసుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. చెప్పులు ఇంట్లోనే వదిలెయ్యాలి. తడి బండ మీద చెప్పు జారుతుంది, పాదం జారదు. కొంగున వేయించిన పల్లీలు గుప్పెడు. తోట వెనక కంచె సందులోంచి దూరితే ఒర్రె, ఆ చిన్న వాగు దాటితే తంగేడు పొదలు, తర్వాత ఎక్కుడు. పైకి పోతున్నకొద్దీ కింది చప్పుళ్ళు ఒక్కొక్కటే ఆగిపోయేవి. ముందు తోటలో మోటారు, తర్వాత కరీంనగర్ రోడ్డు మీది లారీలు, అన్నిటికంటే ఆఖరున అవ్వ దగ్గు. ఇక గొంగడి మీద వాన చప్పుడొక్కటే. తడిసిన ఉన్ని వాసనా, భుజం రాసుకుని నలిగిన సీతాఫలం ఆకుల ఘాటూ కలిసి ముక్కులోకి వచ్చేవి. ఎండిపోయి నల్లగా ఉండే నాచు ఒక్క జల్లుకే పచ్చబడేది, దాని మీద అరికాలు పెడితే మెత్తగా దిగేది. ఇంట్లో నేను ఎప్పుడూ ఎవరి చేతికో అందేంత దూరంలో ఉండాలి. బిందె అందుకో, చీపురు అందుకో, అవ్వకు నిప్పు అందుకో. గుట్ట మీద నన్ను ఎవరూ ఏదీ అందుకోమనేవాళ్ళు కాదు. సుఖం అంటే ఏమిటని ఇవాళ ఎవరన్నా అడిగితే నేను చెప్పగలిగింది అదే.

పైన ఒక పెద్ద గుండు కింద మనిషి పట్టేంత చూరు ఉండేది. దానికి 'ఏనుగు కడుపు' అని పేరు పెట్టాను. అందులో కూర్చుంటే ఒక వైపు చెరువు, ఇంకో వైపు మేడ్చల్ దాకా తాటిచెట్లు. వాన మేడ్చల్ వైపు నుంచే వచ్చేది. ముందు దూరపు తాటిచెట్లు మాయమయ్యేవి. అవి మాయం కాగానే పదమూడో ఎక్కం అందుకునేదాన్ని. నిదానపు వానైతే పదహారో ఎక్కం చివరికి గాని నా దగ్గరికి రాదు. గాలివానైతే పదమూడెనిమిదులు కూడా కానివ్వదు, నోట్లో మాట నోట్లో ఉండగానే మొహం మీద కొడుతుంది. ఎక్కాలు నాకెవరూ చెప్పలేదు. బడి మాన్పించాక అన్న పాత పుస్తకాల అట్టల వెనక చూసి నేర్చుకున్నాను. పంతొమ్మిదోది మాత్రం గుట్ట మీదే నోటికి వచ్చింది. గట్టిగా చదివినా నవ్వేవాళ్ళు లేరు, తప్పు చదివితే దిద్దేవాళ్ళూ లేరు. తప్పు నాకే దొరికేది, మళ్ళీ మొదటి నుంచి చదివేదాన్ని.

వాన పడేటప్పటి కంటే వెలిశాక ఇంకా బాగుండేది. తడిసినంతసేపూ గుట్టంతా ఒకటే నలుపు. గాలి తిరిగితే బండలు ఆరడం మొదలవుతాయి, ఒక్కో బండ ఒక్కో తీరుగా. పర్రెలున్న బండ పైపైన తెల్లబడ్డా, ఆ పగుళ్ళ వెంబడి తడి వదలదు. కాటుకతో గీసినట్టు నల్ల గీతలు నిలిచిపోతాయి. ఎండలో ఎంత పట్టి చూసినా కనబడని సన్న పర్రె కూడా అప్పుడు బయటపడుతుంది. 'అవ్వ మోకాలు' అని నేను పిలిచే బండ నిండా అట్లాంటి గీతలే. దాని వెనక, తూర్పుకు వాలుగా, నాలుగు కళ్ళాలంత వెడల్పున్న పరుపు బండ ఒకటి ఉండేది. అది అన్నిటికంటే ముందు ఆరేది. అంచు నుంచి అంచు దాకా ఒక్క గీత మిగలకుండా ఆరేది. మధ్యలో గులాబీ రంగు చారలు మాత్రం వాన ఉన్నంతసేపూ మెరిసి, ఆరగానే లోపలికి పోయేవి. దాని పేరు 'దుప్పటి బండ'. ఆరిన వెంటనే దాని మీద వెల్లకిలా పడుకుంటే కింద నుంచి చల్లదనం, మీద నుంచి లేత ఎండ. అక్కడ పడుకుని నేను ఏమీ ఆలోచించేదాన్ని కాదు. లెక్కలు కూడా చేసేదాన్ని కాదు.

దిగి వచ్చేసరికి పొద్దు వాలేది. అమ్మ తడిబట్టల గురించి అరిచేది. నాయిన "రేపు కూడ పడేటట్టున్నదా?" అని ఒక్క మాట అడిగేవాడు. అన్న మాత్రం పొయ్యి దగ్గర పీట జరిపి చోటిచ్చేవాడు. గొంగడి నిప్పు సెగకు ఆరుతూ ఆవిర్లు కక్కేది. కాల్చిన మక్కకంకి విరిచి పెద్ద ముక్క నాకిచ్చి, "చెప్పు చెల్లె, ఏం జూసినవ్ ఇయ్యాల?" అనేవాడు.

ఆ మాట నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. నేను చూసినదానికి ఒక విలువ ఉంటుందని, దాన్ని ఇంకొకరు విని తెలుసుకోవాలనుకుంటారని నాకు తెలియదు. మొదట్లో ఏం చెప్పాలో తోచేది కాదు. అతను అడుగుతాడని చూడటం నేర్చుకున్నాను. అంటే, పొద్దుటి నడక నా ఒక్కదానిదే అయినా, సాయంత్రం చెప్పుకునే ఆ కొంచెంసేపు అది మా ఇద్దరిదీ అయ్యేది.

"నెమలి ఒకటి బండ కింద నిలవడి వాన జూస్తున్నదన్నా, మన అవ్వ లెక్కనే" అంటే నవ్వి కట్టెలు ఎగదోసేవాడు. "నీల్లు ఏ దిక్కు జారుతున్నయ్?" అనేవాడు. "ఏ బండ ముంగట ఆరింది?"

"దుప్పటి బండే. ఎప్పుడైనా అదే."

"గీతలు?"

"ఒక్కటి లేదు. సబ్బువెట్టి ఉతికి ఆరేసినట్టున్నది."

"ఎంతుంటది గది? అడుగులేసి జూసినవా?"

చూడలేదు. తర్వాతి వానకు అడుగులు వేసి చూసి, పొడుగు వెడల్పులు గుణించి చెప్పాను. "అరే, మా చెల్లె ఇంజినీరే!" అని వీపు మీద చరిచాడు. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. నెమళ్ళ సంగతి చెప్పేటప్పుడు అతను నిప్పు కెలుకుతూ ఉంటాడనీ, బండల సంగతి వస్తే కెలకడం ఆపుతాడనీ నేను గమనించకపోలేదు. అన్నకు బండలంటే ఇష్టం కాబోలనుకున్నాను. నెమళ్ళను తగ్గించి బండలను పెంచాను. పదకొండింటికి పేర్లు పెట్టింది అట్లాగే. నా ఒక్కదాని కోసమైతే మూడో నాలుగో చాలేవి.

తర్వాత పెళ్ళై గుండ్లపోచంపల్లి వచ్చాను. అన్న అప్పటికే తోటల వాళ్ళకు ట్రాక్టరు మీద కడీలు తెచ్చి వేస్తున్నాడని తెలుసు. ఎక్కడి నుంచి తెస్తున్నాడో అడగలేదు. అడగాలని తోచలేదు. పెద్దమ్మాయి పుట్టాక ఒక వానాకాలం పుట్టింటికి వచ్చి, పిల్లను అమ్మకిచ్చి, పాత గొంగడి దులుపుకుని బయల్దేరాను. ఒర్రె దాటేసరికే పైనుంచి సుత్తి దెబ్బలు వినబడ్డాయి. వాన చప్పుడులో ముందు నమ్మలేదు. ఎక్కి చూస్తే దుప్పటి బండలో సగం లేదు. మిగిలిన సగం మీద తాడు పట్టి కొట్టినట్టు వరసగా చిన్న చిన్న గుంతలు, వాటిలో ఇనుప చీలలు. పక్కన కొట్టిన కడీలు పేర్చి ఉన్నాయి, తడిసి, చారలు మెరుస్తూ. వానకు పని ఆపి ఏనుగు కడుపు కింద బీడీ కాల్చుకుంటున్న మేస్త్రీ నన్ను చూసి జరిగి చోటిచ్చాడు.

"వానలొచ్చినవేంది బిడ్డా? పుట్టగొడుగులకా?" అన్నాడు. తల ఊపాను.

"మంచి బండ బిడ్డా గిది. ఎక్కడ కొట్టినా సక్కగ చీలుతది. యాద్గిరి సేటు నసీబు. మేమైతె బండ మీద నీల్లు జల్లి, ఆరేదాంక కూసొని పర్రెలు దేవులాడాలె. ఆయిన ఉత్తగనే వచ్చి గీడ కొట్టుండ్రి, గాడ ముట్టకుండ్రి అని వేలువెట్టి చూయించిండు. వాల్లింట్ల ఒక మనిషున్నదట, వానల్ల గుట్టంత తిరిగి ఏ బండ ముంగట ఆరుతదో చూసొచ్చి చెప్తదట. గసొంటి మనిషి మాకుంటె మస్తుండు. ఏమిస్తడో ఏమో ఆమెకు!"

మక్కకంకిలో పెద్ద ముక్క ఇస్తాడు అని చెప్పలేదు. వాన తగ్గేదాకా ఆయన పక్కనే కూర్చున్నాను. తాటిచెట్లు మాయమయ్యాయి, కనబడ్డాయి. ఒక్క ఎక్కం కూడా నోటికి రాలేదు.

ఆ సాయంత్రం అన్న అన్నం తింటున్నాడు. "దుప్పటి బండ సంగతి వాల్లకెవలు చెప్పిన్రు?" అని అడిగాను. అతను తలెత్తి, చాలా ప్రేమగా నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ మర్చిపోలేను. "నువ్వేగదనే చెప్పింది! నీ పున్నెమే చెల్లె, ఒక్క కడీ ఇరగలే. నువ్వు మన ఇంటి లచ్చివి" అన్నాడు. దాచిపెట్టినట్టు గాని, దొరికిపోయినట్టు గాని లేదు. మోసం చేసినవాళ్ళు తడబడతారని, కళ్ళు దించుకుంటారని అనుకునేదాన్ని. అతనికి అందులో మోసమే కనబడలేదు. నేను పోట్లాడటానికి పట్టు దొరకలేదు. గుట్ట నాది కాదు, అతనికి పర్మిషన్ ఉంది, చెప్పింది నేనే. లెక్క ప్రకారం అంతా సరిగ్గానే ఉంది. మర్నాడు పిల్లకూ నాకూ బట్టలు తెచ్చాడు. అమ్మ చూస్తోందని కట్టుకున్నాను.

తర్వాత కొన్నేళ్ళకు తోటలు పోయాయి. పందిళ్ళు పీకేసి ప్లాట్లు వేశారు. ప్లాట్లకు ఇంకా ఎక్కువ కడీలు కావాల్సొచ్చాయి, గుట్ట మొత్తం దిగిపోయింది. అవ్వ, నాయిన ఆ తర్వాత పోయారు, అమ్మ మొన్నమొన్నటిదాకా ఉంది. నేను గొంగడి మళ్ళీ ముట్టలేదు. ఇప్పుడు వాన ఎప్పుడొస్తుందో మా అమ్మాయి ఫోను గంట ముందే చెబుతుంది, నేను కిటికీలు మూస్తాను. గోదాములో పక్క కుర్చీ ఆమె "ఏమక్కా, నిన్న ఆదివారం ఏం జేసిన్రు?" అని అడిగినా, "ఏం లేదు, ఇంట్లనే" అంటాను. ఆమె మంచిదే. కానీ నన్నెవరన్నా ఆసక్తిగా ఒక మాట అడిగితే, దాంట్లో వాళ్ళకు పనికొచ్చేది ఏముందా అని ముందు వెతుకుతాను. గుట్ట పోతే పోయింది, ఈ వెతుకులాట మాత్రం నన్ను వదల్లేదు. అప్పట్లో దుప్పటి బండ మీద పడుకున్న అమ్మాయికి ఇది తెలియదు.

ప్లాటు చూసి వచ్చిన వారానికి బహదూర్‌పల్లి వెళ్ళాను. అన్నకు మోకాళ్ళ నొప్పులు, సోఫాలో కాళ్ళు చాపుకుని టీవీ చూస్తున్నాడు. వదిన చాయ్ ఇచ్చి లోపలికి వెళ్ళింది.

"అన్నా, ఒక లెక్క అడుగుత. చెప్పాలె."

టీవీ చప్పుడు తగ్గించాడు. "గుట్ట లెక్కనా? గిన్నేండ్లకా? నీ వాటా నీకియ్యనంటినా చెల్లె? అడగకనేపాయె. ఎంతనో అను."

"పైసల్ గాదు."

"మరేంది?"

"వాన వడ్డ దినాలల్ల నేను గుట్ట దిగొచ్చి చెప్తుంటె పొయ్యికాడ కూసొని అడుగుతుంటివి. అండ్ల ఎన్ని దినాలు ఊకెనే ఇన్నవు? కడీల కోసం గాకుంట, నేను చెప్తున్ననని."

నవ్వబోయి నా మొహం చూసి ఆగాడు. "గదేం లెక్కనే?"

"నాకు గావాలె."

చాలాసేపు మోకాలు రుద్దుకున్నాడు. లోపల వదిన గిన్నెలు కడుగుతోంది. "మొదలు మొదలైతె నాకు కడీల సంగతే తెల్వదు" అన్నాడు నెమ్మదిగా. "ఆసామి వచ్చి, పందిరికి పొడుగు రాల్లు యాడ దొరుకుతయిరా అని అడిగిండు సూడు, గప్పటిసంది బండల మీద పడ్డ. గది ఎన్నడు? నువ్వు గుట్టకు పోవుడు షురూ జేసినంక ఎన్ని వానలకు? రెండో వానకా, మల్లా ఏడాదికా..." కళ్ళు మూసుకుని వేళ్ళు మడుస్తూ పోయాడు. నా ఎదురుగా అతను అంత కష్టపడి ఒక సంగతి గుర్తు చేసుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. చివరికి వేళ్ళు వదిలేశాడు. "సున్నా అని మాత్రం అనుకోకు చెల్లె. యాదికి జేస్కొని చెప్త."

ఆ తర్వాత చాలాసార్లు ఫోను చేశాడు. మోకాళ్ళ సంగతి, మనవడి బడి వ్యాను సంగతి, బహదూర్‌పల్లిలో కురిసిన వాన సంగతి చెబుతాడు. మాటలన్నీ అయ్యాక "ఇగ ఏంది చెల్లె?" అంటాడు. నేను ఫోను చెవికి పెట్టుకుని ఎదురుచూస్తాను, తర్వాత పెట్టేస్తాం. ఆ లెక్క మళ్ళీ అడగను. ఒక్క రోజని చెప్పినా సరిపెట్టుకుంటాను. ఇంకా చెప్పలేదు.